ఉత్తరపు గోడ అవతలి రాళ్ళు

రమ్య మా పార్సిప్పనీ మిత్రుల అమ్మాయి. ఇక్కడే, అమెరికాలో పుట్టింది. ఆర్కిటెక్చర్ చదివి, ఈమధ్య ఒక కౌంటీ ఆఫీసులో చేరింది. పాత కట్టడాలను గుర్తించి, కొలిచి, వాటి చరిత్ర రాసిపెట్టే ఆఫీసు. అలాంటి ఆఫీసులోనే నేను నా ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం గడిపాను. మొన్న ఇంటికి వచ్చి, "అంకుల్, ఫీల్డ్‌లో ఆల్ డే మీరు ఏం చేసేవాడు? టెక్స్ట్‌బుక్‌లో ఉన్నట్టే ఉంటుందా?" అని అడిగింది. గౌరవవాచకం సంగతి వదిలేశాను. ప్రశ్న సరైనదే. కానీ ఆ పూట జవాబు చెప్పలేదు. నోటితో చెబితే నాకు అనుకూలంగా చెప్పుకుంటానని తెలుసు. కాగితం మీద అయితే రాసినదాన్ని మళ్ళీ చదువుకోవలసి వస్తుంది.

నా హోదాలు, నేను నింపిన ఫైళ్ళు ఆమెకు పనికిరావు. ఒక్క పల్లె పారిష్ గురించి, అక్కడ నేను చేసిన ఒక్క తప్పు గురించి రాస్తాను. మిగతా ఉద్యోగమంతా దాని చుట్టూ తిరిగిందే.

పని

డెబ్బైల చివర వంతెనలు కట్టే కంపెనీలో నా ఉద్యోగం పోయింది. సివిల్ ఇంజనీరుని. కౌంటీవారు తమ పరిధిలోని పాత కట్టడాల జాబితా తయారుచేస్తూ, కొలతలు తెలిసినవాడి కోసం వెతుకుతున్నారు. చేరాను. తాత్కాలికం అనుకున్నాను. అక్కడే తల నెరిసింది.

ఉదయం కారులో బయలుదేరాలి. ఒక ఊరికి వెళ్ళి, చర్చి, మర, సత్రం, వంతెన, మైలురాయి, ఏది పాతదైతే దాన్ని కొలవాలి. వంద అడుగుల టేపు, దిక్సూచి, కెమెరా, మట్టిలో గుచ్చి చూసే ఇనపకడ్డీ. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఏం మార్చారు, ఇప్పుడెలా ఉంది అని ఒక్కోదానికి రెండేసి పేజీలు రాయాలి. కింద సంతకం. చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోతాయి. వేసవిలో పొదల్లో పురుగులు పట్టుకుంటాయి. మధ్యాహ్నం కారులో కూర్చుని పులిహోర తినాలి. ఇందులో గొప్పేమీ లేదు.

మనవాళ్ళకు ఈ ఉద్యోగం అర్థం కాలేదు. శనివారం భోజనాల్లో అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు. డాక్టర్ ప్రసాద్ అని ఒకాయన, నన్ను చూడగానే పళ్ళెం పట్టుకుని వచ్చేవాడు.

"ఏం దొరవారూ, ఈ వారం ఎన్ని సమాధులు సర్వే చేశారు?"

"నాలుగు. నీ పేషెంట్లెవరూ లేరులే," అనేవాణ్ణి.

నన్ను దొరవారూ అనడం వేళాకోళానికే. మాది గోదావరి అవతల ఒక చిన్న జమీ. నాకు ఊహ తెలిసేసరికి జమీ పోయింది. మిగిలినదాన్ని మా తాతగారి వ్యాజ్యాలు తిన్నాయి. దివాణంలో పైకప్పు నిలిచిన గదులు మూడే. అయినా ఆ మూడు గదుల్లోనే నన్ను వీపు వాల్చకుండా కూర్చోబెట్టి పెంచారు. ఎవరి దగ్గరా ఏదీ అడగకూడదు. మాట ఇస్తే మార్చకూడదు. పొదల్లో కొలతలకు వెళ్ళినా నేను టై కట్టుకునే వెళ్ళేవాణ్ణి. మా ఆఫీసులో నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను.

బందెలదొడ్డి

ఆ పారిష్ పేరు హార్ట్స్‌బ్రూక్ అనుకుందాం. పారిష్ అంటే ఒక చర్చి, దాని కిందికి వచ్చే నాలుగైదు పల్లెలు, పొలాలు. రెండువందల ఏళ్ళకు ముందు ఇంగ్లండులోని ఒకే పల్లె నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి, వదిలివచ్చిన ఊరిని న్యూజెర్సీ కొండల మధ్య మళ్ళీ కట్టుకున్నాయి. గుట్ట మీద రాతి చర్చి, దాని చుట్టూ గోడ, గోడ లోపల సమాధులు. కింద వాగు, వాగు మీద మర, దారి పక్కన సత్రం. చర్చిలో బెంచీలకు తలుపులు ఉండేవి, ఒక్కో బెంచీ ఒక్కో కుటుంబానిది. మొదటి బెంచీ థార్న్ కుటుంబానిది. చర్చికి మాన్యం ఇచ్చింది వాళ్ళే.

సత్రానికి పక్కన నాలుగు మూరల ఎత్తు గోడలతో చదరంగా ఒక రాతికట్టడం ఉంది. పైకప్పు లేదు, ఒకటే ద్వారం. ఊరివాళ్ళు కోట అనేవారు. మా ఆఫీసు పెద్ద కెలర్ కూడా తన పాత నోట్సులో కోట అనే రాసుకున్నాడు. నేను ఒక్కసారి చుట్టూ తిరిగి, "ఇది బందెలదొడ్డి," అన్నాను. ఆయనకు వివరించవలసి వచ్చింది. పక్కవాడి పొలంలో పడి మేసిన పశువులను తెచ్చి కట్టేసే చోటు. యజమాని వచ్చి తప్పు కట్టి విడిపించుకోవాలి. మా ఊళ్ళోనూ ఉండేది. ద్వారం వెడల్పు గేదెకు సరిపోతుంది, బండికి సరిపోదు. గోడ లోపలి రాళ్ళు పశువులు ఒళ్ళు రుద్దుకుని నున్నబడ్డాయి. కోటలో సైనికులు గోడకు ఒళ్ళు రుద్దుకోరు.

కెలర్ పాత గ్రామసభ కాగితాలు తీయించి చూశాడు. నేను చెప్పినదే నిజం. మంచి మనిషి. పనిలో నిక్కచ్చి, మాటలో పొదుపు. ఆ రోజు మాత్రం నా భుజం తట్టి, "రావ్, మాకు కనిపించనిది నీకు కనిపిస్తుంది. నువ్వు ఇలాంటి ఊళ్ళలోంచి వచ్చినవాడివి," అన్నాడు.

నా పతనం అక్కడే మొదలైంది. పాత ఊళ్ళు నాకు లోపలినుంచి తెలుసని నమ్మడం మొదలుపెట్టాను. నిజానికి నాకు తెలిసింది పెద్ద ఇంటి అరుగు మీదనుంచి కనిపించేంత మేరకే.

మిసెస్ థార్న్ గారి టీ

నాకొక పద్ధతి ఉండేది. ఏ ఊరికి వెళ్ళినా ముందు అక్కడి పాత కుటుంబం ఏదో కనుక్కుని, ముందుగా ఉత్తరం రాసి, చెప్పిన వేళకు వాళ్ళ తలుపు తట్టేవాణ్ణి. ఊరి చరిత్ర తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళకే తెలుస్తుందని నా వాదన. మిగతావాళ్ళు వచ్చిపోయేవాళ్ళు. ఈ వాదన ఎంత అహంకారమో నాకు అప్పుడు తోచలేదు. మర్యాద అనుకున్నాను.

మిసెస్ థార్న్‌కు ఎనభై దాటాయి. చర్చికి ఉత్తరాన దారి, దారికి అవతల ఆవిడ ఆపిల్ తోట, తోట వెనక ఇల్లు. హాల్లో మూడు చోట్ల బకెట్లు పెట్టి ఉన్నాయి, కప్పు కారుతుంది. గోడల మీద పటాలు ఉండిన చోట తెల్లటి చతురస్రాలు. టీ మాత్రం సన్నటి పింగాణీ కప్పుల్లో వచ్చింది. ఆవిడ వీపు కుర్చీకి ఆనలేదు. నా వీపూ ఆనలేదు.

"మీరు ఇలాంటి గదుల్లో పెరిగారు," అంది. అడగడం కాదు, తేల్చి చెప్పడమే.

"ఇంతకన్నా ఎక్కువ కారే గదుల్లో," అన్నాను.

నవ్వింది. ఈ దేశంలో నా కుటుంబం గురించి నేను చెప్పకుండానే తెలుసుకున్న మొదటి మనిషి ఆవిడ. ఆ నవ్వుతో నేను అమ్ముడుపోయానని ఇప్పుడు రాయగలను.

మర్నాడు కర్ర పట్టుకుని చర్చి ఆవరణంతా దగ్గరుండి చూపించింది. ఏ సమాధి ఎవరిది, ఎవరు ఎవరికేమవుతారు అన్నీ కంఠతా వచ్చు. ఉత్తరపు గోడకు, దారికి మధ్య సన్నటి గడ్డినేల ఉంది. అందులో అక్కడక్కడా మోకాలెత్తు కూడా లేని నాటురాళ్ళు. చెక్కినవి కావు. మధ్యలో నేలంతా ఊదారంగు పూల తీగ పాకి ఉంది.

"ఇవి?"

"మాన్యం హద్దురాళ్ళు. మా ముత్తాత పాతించాడు," అంది మిసెస్ థార్న్.

రాసుకున్నాను. ఉత్తరపు గోడ వెంట, మాన్యం హద్దురాళ్ళు, ప్రత్యేకత లేదు. టేపు తీయలేదు. అంత పెద్దావిడ చెప్పాక ఆవిడ ముందే టేపు పరిస్తే ఆవిడ మాటను అనుమానించినట్టు ఉంటుందని.

అప్పుడు అక్కడ ఒక నల్లజాతి మనిషి గడ్డి కోస్తున్నాడు. అరవైకి దగ్గరగా ఉంటాడు. గోడ లోపలి పాలరాతి సమాధుల మధ్య యంత్రం తోసుకుంటూ వచ్చి, ఈ నాటురాళ్ళ దగ్గర యంత్రం ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని చేతికత్తెరతో ఒక్కో రాయి చుట్టూ కత్తిరించాడు. హద్దురాళ్ళకు ఇంత సేవ ఎందుకు, గంటల లెక్కన జీతం కాబోలు అనుకున్నాను. అతను తల ఎత్తి నన్ను చూశాడు. నేను తల ఊపాను. మా పరిచయం అంతే.

రమ్యా, నాకు తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు లేదు. హద్దురాళ్ళు వరుసగా, కొలిచిన దూరంలో ఉంటాయి. ఇవి జంటలుగా ఉన్నాయి. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, మధ్య మనిషి పొడవు. అన్నీ తూర్పు పడమరలుగా. ఇంగ్లీషు పారిష్‌లలో చర్చికి ఉత్తరపు నేల గౌరవం తక్కువ చోటని, అక్కడ ఎలాంటివారిని పెట్టేవారో నేను పుస్తకాల్లో చదివే ఉన్నాను. ఆ తీగను ఈ దేశంలో సమాధుల మీద నాటుతారని కూడా తెలుసు. అన్నీ తెలిసి, కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలి, పింగాణీ కప్పు చెప్పిందే రాశాను.

గడ్డి కోసే మనిషి

రెండేళ్ళు గడిచాయి. ఎనభైల మొదట్లో ఆ కొండల్లోకి కంపెనీల ఆఫీసులు రావడం, వాటితో కార్లు రావడం మొదలైంది. చర్చి పక్క దారి వెడల్పు చేయాలని తేల్చారు. అటువైపు థార్న్ తోట, ఇటువైపు గడ్డినేల. ఇటువైపే తీసుకుందామని పట్టణసభ ముందు పెట్టారు. దానికి ఆధారంగా రోడ్డు పటంతోపాటు జతచేసిన కాగితం నా రిపోర్టులోని పేజీ. హద్దురాళ్ళు, ప్రత్యేకత లేదు.

ఒక సోమవారం ఉదయం ఆ గడ్డి కోసే మనిషి మా ఆఫీసుకు వచ్చాడు. కోటు వేసుకుని వచ్చాడు. పేరు వాల్టర్ డీన్. వారంలో అయిదు రోజులు స్కూలు బస్సు నడుపుతాడు. చర్చి గడ్డి కోయడానికి జీతం లేదు.

"టై కట్టుకుని వచ్చింది మీరే కదా?" అన్నాడు.

"అవును."

"రాళ్ళు తీసి పక్కన పేరుస్తారట. వాటి కింద మా వాళ్ళున్నారు. మా నాయనమ్మకు నాయనమ్మ నాలుగో జంట కింద ఉంది."

నేను అన్న మొదటి మాట ఇది: "దానికి కాగితం ఏదైనా ఉందా?"

"మిసెస్ థార్న్‌ను అడిగారా కాగితం?" అన్నాడు.

కుర్చీలోంచి లేచాను. ఆయన బస్సు టైముకు వెళ్ళిపోవాలంటే, సాయంత్రం చర్చి దగ్గర కలుస్తానన్నాను.

ఆయన పడమటి చివర నిలబడ్డాడు. టోపీ తీశాడు. ఒక్కో జంట దగ్గర ఆగి పేరు చెప్పుకుంటూ తూర్పుకు నడిచాడు. డైనా. క్వాకో. పెద్ద టామ్. ఫిలిస్, పురిట్లో పోయింది. ఫిలిస్ బిడ్డ. సీజర్, మర దగ్గర వాగులో పడ్డాడు. ఇలా పందొమ్మిది. తడుముకోలేదు. ప్రతి ఏడూ వసంతంలో మొదటిసారి గడ్డి కోసే రోజున ఇంట్లో ఒకరు ఇలా నడుస్తూ పేర్లు పైకి చెప్పాలట. ఆయనకు నాయనమ్మ నేర్పింది, ఆవిడకు ఆవిడ తండ్రి. అందరూ థార్న్‌ల దగ్గర బానిసలు, తరవాతి కాలంలో వాళ్ళ బిడ్డలు. గోడ లోపల చోటు ఇవ్వలేదు.

మా ఇంట్లో పెళ్ళిళ్ళకు భట్రాజు వచ్చి మా వంశావళి చదివేవాడు. పదకొండు తరాలు, ఒక్క పేరు తప్పకుండా, చేతిలో కాగితం లేకుండా. మా నాన్నగారు కళ్ళు మూసుకుని వినేవారు. దానికి కాగితం ఏదని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మా పేర్లకు చాలిన సాక్ష్యం ఈయన పేర్లకు ఎందుకు చాలలేదో నన్ను నేను ప్రశ్నించుకోవలసి వచ్చింది.

అప్పుడు టేపు తీశాను. ఒక కొస డీన్ పట్టుకున్నాడు. జంటకూ జంటకూ మధ్య కొలిచాం. కడ్డీ గుచ్చి చూస్తే ప్రతి జంట మధ్యా మట్టి మెత్తగా దిగింది, పక్కన దిగలేదు. రెండేళ్ళ క్రితం గంట పట్టేది ఈ పని.

ఇంట్లో

కెలర్ అంతా విన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఒక అనుబంధం రాయి, రావ్. ఇక్కడ సమాధులు ఉండవచ్చునని స్థానికుల్లో ఒక నమ్మకం ఉంది అని. అంతే."

"నమ్మకం ఉందంటే రోడ్డు ఆగదు కదా."

"ఆగదు. కానీ పేజీ తప్పని రాస్తే నీ మిగతా నలభై రిపోర్టులూ తవ్వుతారు. నీవే కాదు, నావి కూడా. నీ సంతకం ఉన్న కాగితం అది. ఆలోచించుకో."

ఆయన చెడ్డవాడు కాడు. ఆఫీసును కాపాడుకుంటున్నాడు. రమ్యా, నీకూ ఇలాంటి మంచి పెద్దలే దొరుకుతారు. చెడ్డవాళ్ళను ఎదిరించడం దీనికన్నా సులువు.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఏమీ తినలేదని మా ఆవిడ సుభద్ర నిలదీసింది. ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. బడిపంతులుగారి అమ్మాయి. మా దివాణం గురించి పెళ్ళయిన కొత్తలోనే అంతా విని, అప్పటినుంచి భయపడడం మానేసింది.

"ఏవండీ, ల్యాబ్‌లో రిపోర్ట్ తప్పు వెళితే మేం ఏం చేస్తామో తెలుసా? డాక్టర్‌కి ఫోన్ చేసి తప్పు వెళ్ళిందని చెప్తాం. అంతే. పేషెంట్ ముఖ్యం కదా."

"నీది వేరు. ఇది నా పేరు మీద ఉంది. మా వంశంలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నవాడు లేడు."

"తప్పు రాశానని చెప్తే మీ దివాణం కూలిపోతుందా? అది ఎప్పుడో కూలింది కదండీ."

నాకు కోపం వచ్చింది. లేచి బాల్కనీలోకి వెళ్ళాను. కింద పార్కింగులో ఎవరో కారు కడుక్కుంటున్నారు. మా దివాణం పెరటిగోడ అవతల కూడా రాళ్ళు ఉండేవి. మా పల్లకీ మోసిన బోయీల పూర్వీకులవని తరవాత ఎప్పుడో విన్నాను. పశువులశాలకు మెట్లు కావలసివస్తే మా నాన్నగారు వాటిని పీకించి వేయించారు. ఒక ముసలి బోయీ వచ్చి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ మెట్ల మీద నేను కాలు పెట్టి ఎక్కాను. అవి ఏమిటని అడగలేదు. అడగకూడదని నేర్పలేదు, అడగాలని తోచకుండా పెంచారు.

లోపలికి వచ్చి, "అన్నం పెట్టు," అన్నాను. సుభద్ర వడ్డించింది. పెరుగు వేస్తూ మాత్రం, "పట్టణసభకి నేనూ వస్తాను. సెలవు పెట్టాను," అంది.

మళ్ళీ టీ

సభకు ముందు మిసెస్ థార్న్‌కు చెప్పాలి. వెనకాల చేసే పని మా ఇంట్లో లేదు. ఉత్తరం రాసి, వెళ్ళాను. బకెట్లు అయిదయ్యాయి.

కొలతలు చెప్పాను. పేర్లు చెప్పాను. వింటున్నంతసేపూ ఆవిడ కప్పు కదపలేదు.

"ఆ పేర్లన్నీ నాకు తెలియవు. డైనా తెలుసు. మా ముత్తాతకు పాలిచ్చి పెంచింది," అంది చివరికి.

"అయితే అవి హద్దురాళ్ళు కావని మీకు తెలుసు."

"మా ఇంట్లో హద్దురాళ్ళనే అనేవాళ్ళం. మా అమ్మ అలా అనేది. అదేమిటో మీకు విడమరిచి చెప్పక్కర్లేదనుకున్నాను, మిస్టర్ రావ్. మీలాంటివారికి."

ఆవిడ నన్ను మోసం చేసిందని రెండు వారాలుగా లోపల ఒక సాకు దాచుకున్నాను. అది పోయింది. ఆవిడ నన్ను తనవాణ్ణనుకుంది. నేను ఆ పనే చేసి పెట్టాను.

"ఇటు ఆపితే రోడ్డు నా తోటలోకి వస్తుంది," అంది. "తోట పోతే పోనీ. చెట్లు ముసలివి. కానీ ఈ ఊళ్ళో మా పేరు మీద ఇంతవరకూ ఎవరూ వేలు పెట్టలేదు. నాకు మిగిలింది అదొక్కటే. అది మీకు తెలుసు."

తెలుసు. ఆ గదిలో నాకన్నా బాగా తెలిసినవాడు ఉండడు. సెలవు తీసుకుంటే ఆవిడ తలుపుదాకా వచ్చింది, చేయి మాత్రం ఇవ్వలేదు.

సభ

పట్టణసభ హాల్లో యాభైమంది దాకా ఉన్నారు. కెలర్ వెనక వరసలో, మిసెస్ థార్న్ ముందు వరసలో. డీన్ భార్యతో, అక్కచెల్లెళ్ళతో వచ్చాడు. సుభద్ర, నేను అనుకున్నట్టు నా పక్కన కాకుండా, వాళ్ళ పక్కన ఖాళీ కుర్చీ ఉంటే వెళ్ళి కూర్చుంది.

నా పేరు పిలిచారు. రాసుకున్నది చదివాను. "ఈ రిపోర్టులో పదకొండో పేజీ తప్పు. నేను రాసి సంతకం చేశాను. ఆ రాళ్ళను నేను కొలవలేదు. ఇప్పుడు కొలిచాను. అవి పందొమ్మిది సమాధులు." కొలతల పటం ముందు పెట్టాను.

సభ్యుల్లో ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, "హద్దురాళ్ళని అప్పట్లో మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

ముందు వరసలో ఆవిడ వీపు నిటారుగా ఉంది.

"ఎవరు చెప్పినా కొలవవలసింది నేను," అన్నాను.

గుసగుసలు. పది రోజుల్లో సవరించిన పేజీ ఇస్తే దాన్ని బట్టి నిర్ణయిస్తామన్నారు. కెలర్ నా పక్కనుంచి వెళుతూ, "రేపటినుంచి నలభై రిపోర్టులూ తీద్దాం," అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. తీశాం. ఆరు చోట్ల నేను పెద్ద ఇంటి మాట మాత్రమే విని రాసినవి దొరికాయి. అవి దిద్దడానికి ఏడాది పట్టింది.

బయట కారు దగ్గర డీన్ నా కోసం ఆగాడు.

"ఆవిడ పేరు చెప్పలేదు మీరు."

"చెప్పలేకపోయాను."

"మీరూ ఆవిడా ఒకటే బాపతు."

"అవును," అన్నాను. సుభద్ర పక్కనే ఉంది, నన్ను వెనకేసుకు రాలేదు.

పదకొండో పేజీ

సవరించిన పేజీ నేనే టైపు చేసి, ఆఫీసుకు ఇచ్చేముందు డీన్ ఇంటికి తీసుకువెళ్ళాను. నా పద్ధతిలో ఇది మొదటి మార్పు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన వేలు పెట్టి చదివాడు, పై వరస దగ్గరే ఆగిపోయాడు.

నేను పెట్టిన శీర్షిక: థార్న్ కుటుంబపు సేవకుల సమాధులు.

"ఇక్కడ కూడా వాళ్ళ పేరేనా ముందు?" అన్నాడు.

"ఎవరి మనుషులో తెలియాలని..."

"వాళ్ళు ఎవరి మనుషులూ కారు. థార్న్‌లు ఏం చేశారో లోపల రాయండి. సేవకులని రాయకండి, బానిసలని రాయండి. హద్దురాళ్ళని మీకు ఎవరు చెప్పారో అదీ రాయండి. పైన మాత్రం మా వాళ్ళు ఉంటారు."

తప్పు ఒప్పుకున్నానని, దానితో పని అయిపోయిందని అనుకుంటూ వచ్చాను. ఒప్పుకున్న చేత్తోనే మళ్ళీ అదే రాశాను.

మర్నాడు ఆఫీసులో కొత్త కాగితం ఎక్కించాను. శీర్షిక ఒక్క వరసలో పట్టలేదు. డైనాతో మొదలుపెట్టి పందొమ్మిది పేర్లూ పడమటినుంచి తూర్పుకు ఉన్న వరసలోనే కొట్టాను. ఫిలిస్ బిడ్డకు పేరు లేదు, ఫిలిస్ బిడ్డ అనే కొట్టాను. కింద కొలతలు, వాల్టర్ డీన్ వాంగ్మూలం. దాని తరవాత, రెండేళ్ళ క్రితం ఇవి హద్దురాళ్ళని మిసెస్ థార్న్ చెప్పారు, నేను పరిశీలించకుండా రాశాను, అని ఒక వాక్యం. ఆ వాక్యం కొట్టడానికి నాకు మిగతా పేజీ అంతటికన్నా ఎక్కువ సేపు పట్టింది. సంతకం చేశాను. కెలర్ చదివి, శీర్షిక ఫారంలో గడిని దాటిపోయిందన్నాడు. దాటనివ్వమన్నాను. దాటనిచ్చాడు.

రోడ్డు అవతలి వైపుకు జరిగింది. తోటలో ఒక వరస చెట్లు పోయాయి. మిసెస్ థార్న్ ఆ తరవాత నాతో మాట్లాడలేదు. చర్చి దగ్గర ఎదురైనప్పుడు నేను టోపీ తీసేవాణ్ణి, ఆవిడ దారి చూసుకుని వెళ్ళిపోయేది. ఆవిడకు ఆ హక్కు ఉంది.

వసంతంలో డీన్ ఫోన్ చేసి, మొదటి గడ్డి శనివారం కోస్తున్నానని చెప్పాడు. సుభద్రా నేనూ వెళ్ళాం. ఆయన పేర్లు చెప్పుకుంటూ నడుస్తున్నాడు. సీజర్ దగ్గరికి వచ్చాక ఆగి, నా వైపు తిరిగి, "తరవాతిది ఎవరు?" అన్నాడు.

నాకు తెలుసు. చెప్పాను. ఆయన తల ఊపి తరవాతి రాయి దగ్గరికి నడిచాడు.